నేలబొగ్గు నుండి ఇంధన వాయువు

కొంతకాలము క్రిందట, గోదావరీ తీరమున బొగ్గుగనులకు సమీపమందున్న ఒక గ్రామపంచాయతీ సమావేశమునకు మేము వెళ్లియుంటిమి. సభ ముగియు సమయమున ఒక వృద్ధ సభ్యుడు అరుగుమీదనున్న ఎరువుల బస్తాను చూపి, "సారూ, ఈ యూరియా మన సింగరేణి బొగ్గుతోనే చేసింది గదా?" అని యడిగెను. అక్కడనున్న వారిలో సగము మంది అవునని తల యూపిరి. ఆయన ప్రక్కన కూర్చున్న వార్డు సభ్యురాలు మాత్రము వేరొక ప్రశ్న వేసెను: "మా ఊళ్ల కింద గూడ బొగ్గు ఉందంటరు. రేపు ఇక్కడనే గ్యాసు తీస్తమంటే మా బావులల్ల నీళ్లు ఏమైతయి?"

ఈ రెండు ప్రశ్నలకును నాడు మేము చెప్పిన సమాధానము చాలలేదని మాకే తోచినది. బస్సు వేళ దగ్గరపడుటచే సగము చెప్పి వచ్చితిమి. మిగిలిన సగము ఈ వ్యాసమున చెప్పుచున్నాము.

ముందుగా ఆ వృద్ధుని మాట. అది 1980 నుండి 1999 వరకు నిజము. ఆ కాలమున రామగుండములోని ఎరువుల కర్మాగారము బొగ్గును వాయువుగా మార్చి, ఆ వాయువునుండి యూరియా చేసినది. నేడు అచ్చటనే వెలసిన కొత్త కర్మాగారము సహజవాయువుతో నడచుచున్నది. చుట్టును బొగ్గుగనులుండగా, కాకినాడ ప్రాంతపు మల్లవరమునుండి వచ్చు గొట్టపు మార్గమున దానికి వాయువు తెచ్చుకొనవలసి వచ్చినది. ఇట్లేల జరిగినదో తెలియవలెనన్న, బొగ్గు వాయువుగా మారు విధానమును కొంత తెలిసికొనవలెను. అది మన ఇండ్లలో ప్రతిదినము జరుగు విషయమే గాని మనము దానిని గమనింపము.

కుంపటిలోని నీలిమంట

బొగ్గును వాయువుగా మార్చుట యనగా దానిని కాల్చుట కాదు, పూర్తిగా కాలనీయకుండుట. రాజుకొన్న కుంపటిని చీకటిలో చూడుడు. ఎర్రని బొగ్గులపై సన్నని నీలిమంట కదలాడుచుండును. కుంపటి అడుగున గాలి బాగుగా తగులుచోట బొగ్గు పూర్తిగా కాలి బొగ్గుపులుసు వాయువగును. ఆ వాయువు కణకణలాడు బొగ్గుల నడుమనుండి పైకి వచ్చునప్పుడు వానినుండి మరికొంత కర్బనమును గ్రహించి, కార్బన్ మోనాక్సైడు అను వేరొక వాయువుగా మారును. ఇది మండు గుణము గలది. పైకి వచ్చి గాలి తగిలిన వెంటనే నీలిమంటతో మండును. ఆ మంటను అక్కడ మండనీయక, పైన మూతవేసి, గొట్టముగుండ వాయువును వేరొకచోటికి కొనిపోయినచో అదియే ఇంధన వాయువు.

దీనికి నీటియావిరి తోడైన ఫలితము ఇంకను హెచ్చు. నిప్పుపై నీరు పోసిన ఆరిపోవునని మన మెరుగుదుము. కాని మిక్కిలి ఎర్రనైన బొగ్గుల గుండ నీటియావిరిని పంపినచో, బొగ్గులోని కర్బనము నీటిలోని ప్రాణవాయువును లాగుకొనును. నీటిలోని ఉదజని విడివడును. కమ్మరి కొలిమిలోని బొగ్గుపై నీరు చిలకరించుట చూచియే యుందురు. అందువలన మంట చెదరక మధ్యకు చేరునని వాని యనుభవము. ఆ ఎర్రని నడిగుండమున ఈ మార్పు కొంత జరుగుచునే యుండును.

దీని లెక్క సులభమైనది. 12 కిలోల కర్బనము 18 కిలోల నీటియావిరితో కలిసినపుడు 28 కిలోల కార్బన్ మోనాక్సైడును, 2 కిలోల ఉదజనియు వచ్చును. రెండును మండునవే. ఈ మిశ్రమమునకే కర్మాగారములలో సిన్‌గ్యాసు అని పేరు. అయితే ఈ మార్పునకు వేడి కావలెను. ఆవిరి ఒక్కటే పంపుచున్నచో బొగ్గులు క్రమముగా చల్లారిపోవును. అందుచేత ఆవిరితోబాటు కొంత గాలినో, ప్రాణవాయువునో పంపి బొగ్గులో కొంతభాగమును కాల్చి ఆ వేడిని నిలుపవలెను. ఎంత కాల్చవలెను, ఎంత మిగుల్పవలెను అను తూకమునందే ఈ విద్య అంతయు నున్నది.

గాలి పంపుటకును ప్రాణవాయువు పంపుటకును భేదము పెద్దది. గాలిలో నూటికి 78 వంతులు నత్రజని. అది మండదు, మండింపదు. అది కలిసిన వాయువు పలుచనగును. దాని వేడి సహజవాయువు వేడిలో ఏడవ వంతో ఎనిమిదవ వంతో యుండును. వట్టి ప్రాణవాయువును పంపినచో వాయువు చిక్కగా వచ్చును గాని, గాలినుండి ప్రాణవాయువును వేరుచేయు యంత్రాగారమునకు వ్యయము చాల యగును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయకుండ ముందునకు పోలేము. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తమునందు చేరి ప్రాణవాయువునకు చోటు లేకుండ చేయును. చలికాలమున బాలింతరాలి గదిలో తలుపులు బిగించి కుంపటి పెట్టుట మన గ్రామములలో ఇంకను ఉన్నది. కిటికీ తెరవక అట్లు చేయుట తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము. పెద్ద కర్మాగారమున కార్మికులు ఏ వాయువునకు భయపడి సూచికలు పెట్టుకొందురో, ఆ వాయువే ఈ కుంపటిలోనిదియు.

వీథిదీపములనుండి బొగ్గుబస్సు వరకు

ఈ విద్య పాతది. విలియం మర్డాక్ అను యంత్రకారుడు 1792లో ఇంగ్లండునందలి రెడ్‌రూత్ పట్టణమున బొగ్గును మూసిన పాత్రలో కాచి, వచ్చిన వాయువుతో తన యింట దీపము వెలిగించెను. 1812లో లండను నగరమున వాయుదీపముల కంపెనీకి ప్రభుత్వ శాసనము లభించినది. మన దేశమున కలకత్తా వీథులలో 1857లో వాయుదీపములు వెలిగినవి. తరువాత విద్యుద్దీపములు వచ్చి వాయుదీపములను తొలగించినవి.

మన ప్రాంతములలో పెద్దలకు జ్ఞాపకమున్నది మాత్రము బొగ్గుబస్సు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలునకు కఱవు రాగా, బస్సు వెనుకభాగమున ఉక్కుపీపా వంటి పొయ్యిని బిగించి, దానిలో కట్టెబొగ్గు పోసి, వచ్చిన వాయువుతో ఇంజను నడిపిరి. బయలుదేరుటకు ముందు క్లీనరు చక్రము త్రిప్పుచు చాలసేపు గాలి విసరవలెను. ఎత్తు ఎక్కవలసినచోట ప్రయాణికులు దిగి నడచుటయు కలదు. పలుచని వాయువునకు బలము తక్కువ యని పైన చెప్పినది ఆ ప్రయాణికులకు కాళ్లతో తెలిసిన విషయము. పెట్రోలు మరల దొరకుటతో ఆ పీపాలు మూలపడినవి.

పెద్దయెత్తున ఈ పని చేసినవారు జర్మనులు. 1925లో ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు సిన్‌గ్యాసునుండి నూనె చేయు మార్గము కనుగొనిరి. పెట్రోలు బావులు లేని ఆ దేశమునకు యుద్ధకాలమున అది అక్కరకు వచ్చినది. దక్షిణాఫ్రికాయందు 1950లో సాసోల్ అను సంస్థ ఏర్పడి, 1955లో సాసోల్‌బర్గ్ పట్టణమున బొగ్గునుండి పెట్రోలు చేయ నారంభించెను. ఆసక్తికరమైన విషయ మేమనగా, ఆ సాసోల్‌బర్గ్ కర్మాగారమే 2004లో బొగ్గును విడిచి మొజాంబిక్ నుండి గొట్టములలో వచ్చు సహజవాయువునకు మారినది. సెకుండాయందలి పెద్ద కర్మాగారములు మాత్రము బొగ్గుతోనే సాగినవి. చౌకగా సహజవాయువు దొరకుచోట బొగ్గు వెనుకకు తగ్గుట రామగుండమునందే కాదు, లోకమంతటను కనబడు ధోరణి. చైనా మాత్రము వేరు దారి పట్టినది. ఆ దేశమున ఎరువులకు వలయు అమ్మోనియాలో అధికభాగము నేటికిని బొగ్గునుండియే వచ్చుచున్నది.

రామగుండము కథ

భారత ఎరువుల సంస్థ తెలంగాణమున రామగుండమునందును, ఒడిశాయందు తాల్చేరునందును జంట కర్మాగారములను నిర్మించినది. రెండును 1980 నవంబరు 1వ తేదీన వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించినవి. ఒక్కొక్కదాని సామర్థ్యము దినమునకు 900 టన్నుల అమ్మోనియా, 1,500 టన్నుల యూరియా. డాక్టరు విలియం కింగ్ 1871లో ఎల్లందు సమీపమున బొగ్గును కనుగొన్ననాటినుండి అది రైళ్లకు, కాపురపు పొయ్యిలకు, విద్యుత్కేంద్రములకు పోవుచుండెను. పొలమునకు ఎరువుగా వచ్చుట అదియే మొదలు.

అచ్చట బొగ్గును మొదట ఎండబెట్టి, పిండివలె మెత్తగా నూరి, ప్రాణవాయువుతోను ఆవిరితోను కలిపి గ్యాసిఫైయరు అను పెద్ద పాత్రలోనికి ఊదుచుండిరి. లోపలి వేడి 1,500 డిగ్రీలకు పైమాట. బొగ్గు క్షణకాలములో వాయువగును. బూడిద కరగి చిట్టెమై జారును. తరువాత వాయువును చల్లార్చి, కడిగి, దానిలోని గంధకమును తీసివేయుదురు. ఇక కార్బన్ మోనాక్సైడును మరల ఆవిరితో కలిపి, దానినుండి ఇంకొంత ఉదజనిని రాబట్టుదురు. గాలినుండి ప్రాణవాయువును వేరుచేయగా మిగిలిన నత్రజని ఊరక పోదు. ఆ ఉదజనితో కలిసి అమ్మోనియా యగును. అమ్మోనియా బొగ్గుపులుసు వాయువుతో కలిసి యూరియా యగును. ఆ బొగ్గుపులుసు వాయువు కూడ బొగ్గునుండి వచ్చినదే. ఒక్క బొగ్గు, గాలి, నీరు తప్ప వేరు ముడిపదార్థము లేదు.

మన సభ్యులకు లెక్క యందు ఆసక్తి యుండునని తలచి ఒక బస్తా యూరియా లెక్క వేయుచున్నాము. 45 కిలోల బస్తాలోని యూరియాకు నాలుగున్నర కిలోల ఉదజని కావలెను. పై మార్గమున అంత ఉదజని రాబట్టుటకు పదమూడున్నర కిలోల స్వచ్ఛమైన కర్బనము పట్టును. ఆ మార్పులో 49½ కిలోల బొగ్గుపులుసు వాయువు పుట్టగా అందు 33 కిలోలు యూరియాలో ఇమిడిపోవును, తక్కినది మిగిలిపోవును. యూరియాలో ఇమిడినది కూడ పొలములో చల్లిన తరువాత విడివడి గాలిలోనికే పోవును. ఇది కాగితముమీది కనీసపు లెక్క. వేడికి, యంత్రములకు, విద్యుత్తునకు కాల్చవలసిన బొగ్గు దీనికి అదనము. బొగ్గులో బూడిద కూడ నుండును గనుక నిజముగా పట్టు బొగ్గు దీనికి ఎన్నో రెట్లు.

బూడిద యను మాట వచ్చినది. ఈ కథలో ముఖ్యమైన పాత్ర దానిదే. మన దేశపు బొగ్గులో నూటికి 35 నుండి 45 వంతులు బూడిద యుండుట సామాన్యము. బియ్యములోని రాళ్లను చేటతో చెరిగి ఏరవచ్చును. పిండిలో కలిసిన మెత్తని యిసుకను ఏరుట యెవరి తరము? మన బొగ్గులోని మట్టి ఈ రెండవ విధముగా, బొగ్గు పుట్టినప్పుడే కణకణములో కలిసి యున్నది. కడిగిన కొంతయే పోవును. తక్కువ బూడిదగల బొగ్గునకై విదేశములలో నిర్మించిన యంత్రములకు ఇది పెట్టు బాధ ఇంతింత కాదు. నూరు యంత్రములు అరుగును, గొట్టములు అరుగును, పాత్రలోని వేడిలో గొప్పభాగము బూడిదను కరిగించుటకే పోవును.

దీనికి తోడు రామగుండము, తాల్చేరు కర్మాగారములకు విద్యుత్ సరఫరా నిలకడగా లేకుండెను. ఇట్టి కర్మాగారము ఒక్క గంట ఆగినను, మరల అంతటిని వేడెక్కించి నడపుటకు దినములు పట్టును. యంత్రభాగములకు ఒకదానితో నొకటి పొత్తు కుదరలేదు. నిర్ణీత సామర్థ్యమును ఆ కర్మాగారములు అందుకొనలేకపోయినవి, నష్టములు పెరిగినవి. 1999లో రెండింటియందును ఉత్పత్తి ఆగినది. 2002లో కేంద్రప్రభుత్వము వానిని మూసివేయుటకు నిర్ణయించినది. గ్రామములనుండి భూమి నిచ్చిన వారికిని, అందు పనిచేసిన వారికిని, చుట్టుప్రక్కల దుకాణములు పెట్టుకొన్నవారికిని ఆ ఇరువది సంవత్సరముల విరామము ఎట్లు గడచినదో రామగుండము ప్రాంతపు సభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

తరువాత రామగుండము ఎరువులు, రసాయనముల సంస్థ యను పేరుతో కొత్త కర్మాగారము ఏర్పడి, 2021 మార్చి 22న వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించి, 2022 నవంబరు 12న జాతికి అంకితము చేయబడినది. దాని సామర్థ్యము సంవత్సరమునకు 12 లక్షల 70 వేల టన్నుల యూరియా. ఇది సహజవాయువుతో నడచునది. సహజవాయువునందు ఉదజని స్వతహాగానే యెక్కువ, బూడిద లేనేలేదు. కర్మాగారమును నడపువారి కంటికి ఇది తేలిక దారి. కాని దేశమునకు వలయు సహజవాయువులో దాదాపు సగమును ఓడలమీద విదేశములనుండి తెచ్చుకొనుచున్నాము. దాని ధర మన చేతిలో లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధము ఆరంభమైనపుడు ఆ ధర ఎట్లు ఆకాశమునకు ఎగసినదో ఎరువుల సబ్సిడీ లెక్కలు చూచినవారు మరువరు. బొగ్గు విషయమట్లు కాదు. 2024-25లో దేశమున నూరు కోట్ల టన్నులకు మించిన బొగ్గు త్రవ్వబడినది.

ఈ కారణముచేతనే బొగ్గు వాయువు మాట మరల వినబడుచున్నది. తాల్చేరు యందు బొగ్గుతోనే కొత్త యూరియా కర్మాగారమునకు 2018 సెప్టెంబరు 22న శంకుస్థాపన జరిగినది. ఈమారు బూడిద బాధను తగ్గించుటకై బొగ్గులో పెట్రోలియం కోకును కలుపుట యని నిర్ణయము. పనులు మొదట ననుకొన్న గడువును దాటిపోయినవి. 2024 జనవరిలో కేంద్ర మంత్రివర్గము బొగ్గు వాయు పరిశ్రమల ప్రోత్సాహమునకు 8,500 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. 2030 నాటికి సంవత్సరమునకు 10 కోట్ల టన్నుల బొగ్గును ఈ విధముగా వినియోగింపవలెనని లక్ష్యము. లక్ష్యము పెద్దది, మిగిలిన కాలము స్వల్పము. ఇది సులభముగా నెరవేరునని మేము చెప్పజాలము.

మన హైదరాబాదు నగరమునకు ఈ పరిశోధనలో మంచి స్థానము కలదు. నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ప్రాంతీయ పరిశోధనాలయముగా నున్ననాటినుండియే మన అధిక బూడిద బొగ్గుపై పనిచేసినది. దినమునకు 24 టన్నుల బొగ్గును వాయువుగా మార్చు ప్రయోగశాలను నడిపినది. 2022 జనవరిలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ హైదరాబాదునందు అధిక బూడిద బొగ్గునుండి మెథనాలు తీయు చిన్న కర్మాగారమును చూపినది. దినమునకు పావు టన్ను మాత్రమే. చిన్నదే కాని, అది మన బొగ్గునకై మనవారు కట్టిన యంత్రము. అదియే దాని విలువ.

విద్యుత్తు సంగతి

మామూలు విద్యుత్కేంద్రమున బొగ్గును కాల్చి, నీటిని ఆవిరిచేసి, ఆ ఆవిరితో చక్రము త్రిప్పుదురు. బొగ్గును ముందుగా వాయువుగా మార్చినచో, ఆ వాయువును మండించి విమానపు ఇంజను వంటి యొక చక్రమును త్రిప్పవచ్చును. దానినుండి వెలువడు వేడిపొగతో ఆవిరి పుట్టించి రెండవ చక్రమును త్రిప్పవచ్చును. ఒకే బొగ్గునకు రెండు పంటలన్నమాట. గంధకమును, ధూళిని కాల్చుటకు ముందే తీసివేయవచ్చును గనుక పొగ శుభ్రముగా నుండును. తిరుచిరాపల్లిలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థ 6.2 మెగావాట్ల ఇట్టి కేంద్రమును 1980వ దశకము చివరనే నడిపి చూచినది.

చెప్పుటకు ఇంత సొగసైన పద్ధతి ఆచరణలో ఏల వ్యాపింపలేదు? ఖర్చుచేత. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున కెంపర్ అను చోట ఇట్టి కేంద్రమును కట్టిరి. మొదట 300 కోట్ల డాలర్లకు లోపుగా నున్న అంచనా 750 కోట్ల డాలర్లకు చేరినది. అయినను బొగ్గుభాగము సవ్యముగా నడవలేదు. 2017 జూనులో దానిని విడిచి, సహజవాయువుతోనే విద్యుత్తు తీయసాగిరి. ఆ దేశముననే ఉత్తర డకోటా రాష్ట్రమునందలి గ్రేట్ ప్లెయిన్స్ కర్మాగారము 1984 నుండి దినమునకు సుమారు 16 వేల టన్నుల లిగ్నైటును వాయువుగా మార్చుచు నిలిచినది. అది విద్యుత్తుపై ఆధారపడలేదు. వాయువును గొట్టములలో అమ్మును, ఎరువులు చేయును, మిగిలిన బొగ్గుపులుసు వాయువును 2000 నుండి సుమారు 330 కిలోమీటర్ల దూరమున కెనడాయందలి చమురు క్షేత్రమునకు అమ్మి భూగర్భమునకు పంపును. అనగా బొగ్గు వాయువును కేవలము కాల్చుటకంటె సరుకులుగా మార్చిన యెడల గిట్టుబాటు కుదురు అవకాశ మెక్కువ. మన దేశమున కూడ ఎరువులు, మెథనాలు, ఉక్కు వైపే ప్రయత్నములు మొగ్గుచున్నవి. ఒడిశాలోని అంగుల్ యందు ఇనుమును తయారుచేయుటకు బొగ్గు వాయువును ఇదివరకే వాడిరి.

బావుల ప్రశ్న

ఇక వార్డు సభ్యురాలి ప్రశ్న. ఆమె అడిగినది నేలమీది కర్మాగారమును గూర్చి కాదు, నేలక్రింద బొగ్గును ఉన్నచోటనే వాయువుగా మార్చుటను గూర్చి. ఇందు బొగ్గును త్రవ్వరు. లోతైన పొరలోనికి రెండు బోర్లు వేసి, ఒకదానిగుండ గాలినో ప్రాణవాయువునో పంపి అడుగున నిప్పంటింతురు. రెండవదానిగుండ వాయువు పైకి వచ్చును. బూడిద క్రిందనే యుండును, మనుష్యుడు గనిలోనికి దిగ నక్కరలేదు. ఉజ్బెకిస్తాన్‌లోని అంగ్రెన్ యందు 1960వ దశకము నుండి ఇట్లు వాయువు తీసిరి. మన దేశమున ఝార్ఖండ్ రాష్ట్రపు కస్తా బొగ్గుక్షేత్రమునందు 2024లో ప్రయోగము మొదలైనది.

ఆమె భయము నిరాధారము కాదు. బొగ్గు వేడెక్కినపుడు వాయువుతోబాటు తారు, ఫినాలు, బెంజీను వంటి విషపదార్థములు పుట్టును. నేలమీది కర్మాగారమున అవి కడుగునీటిలో చేరును. ఆ నీటిని శుద్ధిచేసి తీరవలెను, చేయుచున్నారో లేదో పరీక్షింపవచ్చును. నేలక్రింద నట్లు కాదు. లోపలి ఒత్తిడి చుట్టునున్న భూగర్భజలపు ఒత్తిడికంటె మించినచో ఆ విషములు పగుళ్లగుండ బయటికి పోవును. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున చించిల్లా యను వ్యవసాయ ప్రాంతమున ఇదే జరిగినది. ఆ రాష్ట్ర ప్రభుత్వము 2016లో ఈ పద్ధతినే నిషేధించినది. 2018లో న్యాయస్థానము లింక్ ఎనర్జీ అను కంపెనీని దోషిగా నిర్ణయించి 45 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించినది. అప్పటికే ఆ కంపెనీ దివాలా తీసియుండెను. కనుక జరిమానా కాగితముమీద నున్నను, భూమిని బాగుచేయు ఖర్చు ప్రభుత్వముమీద పడినది.

కాబట్టి ఆమెకు మా సమాధాన మిది: లోతెక్కువగా నుండి, తాగునీటి పొరలకు దూరముగా, నడుమ నీరు దిగని గట్టి పొర యున్నచోటనే ఈ పని తగును. ఆ సంగతి తేల్చవలసినది భూగర్భ శాస్త్రజ్ఞులు. అయినను పని మొదలగుటకు ముందే మీ గ్రామపు బావులు, బోర్ల నీటిని పరీక్ష చేయించి ఆ పత్రమును పంచాయతీ కార్యాలయమున భద్రపరచుకొనుడు. పదేండ్ల తరువాత నీరు చెడినదని చెప్పవలసివచ్చినపుడు, మొదట బాగుండెనని చూపు పత్రము లేక ఎందరో నష్టపోయిరి.

నేలమీది కర్మాగారము వచ్చినను అడుగవలసిన ప్రశ్నలు లేకపోలేదు. మొదటిది నీరు. ఈ పరిశ్రమలో నీరు చల్లార్చుటకే కాక ముడిపదార్థముగా కూడ ఖర్చగును. అది మరల నదికి రాదు. ఏ కాలువనుండి, ఏ చెరువునుండి, వేసవిలో ఎంత తీసికొందురో అడుగవలెను. తరువాత బూడిద. నూరు టన్నుల బొగ్గులో 40 టన్నులు బూడిద యైనపుడు దానిని పోయు చోటు ఎవరి భూమియో, వేసవిగాలికి అది ఎవరి యిండ్లపై పడునో విచారింపవలెను. మూడవది బొగ్గుపులుసు వాయువు. సిన్‌గ్యాసునుండి దానిని వేరుచేయుట తేలికయే. వేరుచేసిన దానిని ఎక్కడ దాచవలె ననుటయే చిక్కు. దాచు ఏర్పాటు లేనియెడల, బొగ్గును వాయువుగా మార్చినంత మాత్రమున అది పర్యావరణమునకు మేలు చేసినట్లు కాదు. ప్రచారపత్రములలో ఈ సంగతి చిన్న అక్షరములలో నుండును. ప్రచారశాఖలో పనిచేయుచు ఈ మాట అనుట మాకు కొంత యిబ్బందియే, అయినను ఉన్నమాట.

బొగ్గు లేని గ్రామముల సభ్యులు ఇదంతయు తమకు సంబంధింపదని తలపవలదు. ఇదే విద్య వరియూకతోను, కంపకట్టెతోను చిన్నయెత్తున సాగును. కర్ణాటక రాష్ట్రపు తుమకూరు జిల్లాలో హొసహళ్లి యను చిన్న గ్రామమున బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు 1988లోనే కట్టెనుండి తీసిన వాయువుతో ఇంజను నడిపి దీపములు వెలిగించిరి, నీరు తోడించిరి. బీహారులో 2007 నుండి వరియూక వాయువుతో కొన్ని గ్రామములకు విద్యుత్తు నిచ్చిరి. తారు అంటిన వాయువు ఇంజనును పాడుచేయుట వీనియందలి ప్రధాన లోపము. రోజు విడిచి రోజు శుభ్రపరచు మనిషి యున్నచోట యంత్రము నిలిచినది, లేనిచోట తుప్పు పట్టినది. రైసుమిల్లులు గల గ్రామములు దీనిని విచారించి చూడవచ్చును.

ఇక చట్టము సంగతి. మినహాయింపు లేని పెద్ద పరిశ్రమలకు 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారము ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. సభకు కనీసము 30 దినముల ముందు పత్రికాప్రకటన ఇవ్వవలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలో కూడ ఉండవలెను. గోదావరీ తీరమందలి షెడ్యూల్డు ప్రాంతములలో భూసేకరణకు ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదింపవలెనని 1996 నాటి చట్టము చెప్పుచున్నది. ప్రజాభిప్రాయ సేకరణ నాడు ఎవరేమి చెప్పిరో వ్రాసిన సంగ్రహమును సభ ముగియు సమయమున స్థానిక భాషలో అందరికిని వినిపింపవలెను. తరువాత దానిని జిల్లా కార్యాలయములతోబాటు, పరిశ్రమ నెలకొను గ్రామపు పంచాయతీ కార్యాలయమునందును అందరికి కనబడునట్లు ప్రదర్శింపవలెను. ఆ కాగితము మీ కార్యాలయపు గోడమీదికి రానియెడల జిల్లా కలెక్టరునకును, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికిని వ్రాతమూలకముగా తెలియజేయుడు.